కారణం పుట్టిన తేదీ

అనంతపురం ఆఫీసులో సారు అడిగినాడు:
"కారణం పుట్టిన తేదీ ఏంది?"
పిల్లోడు పుట్టిన తేదీ చెప్పినా.
అది కాదంట.
అన్యాయం పుట్టిన తేదీ కావల్లంట.

అన్యాయానికి పుట్టినరోజు ఎవురు రాసి పెట్టుకుంటారు సారూ?
మంత్రసాని ల్యాదు, పురుడు ల్యాదు.
మా రాయదుర్గం బడి వరండాలో
మెల్లగా, నగుకుంటా పుట్టింది.
"ఈ వారం కాదు తల్లీ, వచ్చే బేస్తవారం
స్పెషల్ టీచరమ్మ వస్తాది" అన్న మాటలో సగం,
"దసరా సెలవులు కానీ" అన్న మాటలో సగం.
"ల్యాదు పో" అని ఒక్కసారి అనింటే
ఆ పొద్దే అర్జీ పెట్టేదాన్ని.
వాళ్ళు ఎప్పుడూ ల్యాదనలా.
రేపన్నారు.

రేపు తీపి మాట సారూ,
చీమలు పట్టినాకే తెలుస్తాది.

మావోడు తిప్పేస్వామి.
తొమ్మిదేండ్లు. గుండీ పెట్టుకునేది మొన్ననే నేర్చినాడు.
అయిదేండ్లు పట్టింది,
నేను గడువు పెట్టలా.
బళ్ళో వాణ్ణి కిటికీ పక్కన
అన్నం గిన్నెల దగ్గర కూచోబెట్టినారు.
మల్ల, అన్నం యాళకి తోలుకొస్తే చాలన్నారు,
గుడ్డు తినిపిచ్చి పిల్చకపొమ్మన్నారు.
రిజిస్టర్లో మాత్రం వాడు రోజూ ఉండాడు,
రెండు పూట్లా, నిండుగా.

అయివారు చెడ్డోడు కాదు, అది కూడా రాసుకోండి.
మావోనికి పెన్నిచ్చినాడు, తల నిమిరినాడు.
ఆ టీచరమ్మ రెండుసార్లొచ్చింది.
రంగు పూసలు తెచ్చింది, వాడు నగినాడు.
మల్ల ఆమెకి ఆరు బళ్ళంట, ఒక స్కూటరంట,
కళ్యాణదుర్గం దారంట.
మంచోళ్ళ మీద అర్జీ పెట్టాలంటే చెయ్యి రాదు.
ఆ చెయ్యి రాని దినాలు కూడా
గడువులోనే పోయినాయి.
గడువొకటి ఉందని
గడువు పోయినాకే తెలిసింది నాకు.

"పదకొండు రోజులు దాటిందమ్మా," అన్నాడు సారు.
"ఆలస్యం మన్నించమని ఇంకో కాయితం రాయిచ్చుకో రా."
గేటు బయట ఖాజా మొహిద్దీను
యాభై రూపాయలు జేబులో ఏసుకోని అడిగినాడు:
"ఎవురి ఆలస్యమని రాయాల్నక్కా?"
చానా సేపు ఇద్దరం ఊరికే కూచున్యాం.
"నీదనే రాయాల. ఫారం అట్ల ఉంది."
రాసినాడు.
సంతకం చేసినా.

నాకు పొద్దంటే జీన్సు ప్యాంట్లు సారూ.
జిప్పుకింత, నడుము పట్టీకింత.
మిషన్ల ఓనరు గడియారం చూడడు, కట్టలు లెక్కేస్తాడు.
ఇంట్లో గోడకి దినం చీటీల క్యాలెండరు.
తెల్లార్తానే ఒక ఆకు చించేది తిప్పేస్వామి పని.
ఇంకెవురన్నా చించితే వానికి పొద్దు మొదలు కాదు.
చించినవి పారేయడు.
పీలికల సంచిలో, ఒకదాని మీద ఒకటి,
మూడేండ్ల పొద్దులు దాచినాడు.
వాటి ఎనకాల నా పెన్సిలు లెక్కలు:
నలభై రెండు. ముప్పై తొమ్మిది. సున్నా, బడి.
యాభై. సున్నా, బడి. సున్నా, బడి.

ఆ సంచి తెచ్చి సారు టేబులు మీద పెట్టినా.
"మీ తేదీ ఇందులో యాడో ఉంటాది.
సున్నాలు చూసుకోండి."

ఆయప్ప మూతి ముడి ఇప్పేలోపల
తిప్పేస్వామి లేసి గోడకాడికి పోయినాడు.
మేం పోయింది సోమారం.
ఆఫీసు క్యాలెండరు ఇంకా శుక్రవారంలోనే నిలబడింది.
చించినాడు.
ఒకటి.
రెండు.
మూడు.
"రేయ్, రేయ్!" అని బంట్రోతు ఉరికొచ్చె.
సారు చెయ్యెత్తి ఆపినాడు,
ఎందుకు ఆపినాడో ఆయప్పకే తెలీనట్ల.

మూడాకులూ మడిచి
నేను కుట్టిన జేబులో పెట్టుకున్యాడు మావోడు.
జేబు గుండీ పెట్టబోయినాడు.
జారె. మల్ల పట్టుకున్యాడు. మల్ల జారె.
అంతసేపూ ఆ గదిలో
ఎవురూ ఏమీ అనలా.